పరమాణువులు, అణువులు కాంతిని ఎలా మింగుతాయి, ఎలా వదులుతాయి: నాలుగు ప్రశ్నలతో మీరే తేల్చుకునే పద్ధతి

పాఠ్యపుస్తకంలో ఈ విషయం ఒక్క వాక్యంలో అయిపోతుంది: ఎలక్ట్రాన్ కింది స్థాయి నుంచి పై స్థాయికి వెళ్తే కాంతిని శోషిస్తుంది, కిందికి దిగితే విడుదల చేస్తుంది. తప్పేం కాదు, కానీ సగమే. ఆ వాక్యం పట్టుకుని గాలి ఎందుకు పారదర్శకంగా ఉందో, హైలైటర్ ఇంకు ఎందుకు అంత మెరుస్తుందో, ధ్రువకాంతుల్లో (ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగుల్లో) ఆకుపచ్చ కింద, ఎరుపు పైన ఎందుకు ఉంటాయో చెప్పమంటే ఎక్కడికక్కడ ఆగిపోతాం. శక్తి సరిపోవడం మొదటి షరతు మాత్రమే, దాని తర్వాత ఇంకో మూడు ప్రశ్నలు వేసుకోవాలి. కింది స్థాయిలో అసలు ఎవరైనా ఉన్నారా? ఆ మార్పులో విద్యుదావేశం అటూ ఇటూ ఊగుతుందా? మింగిన శక్తి చివరికి ఎటు పోయింది? ఈ నాలుగింటినీ వరసగా అడగడం అలవాటైతే ఏ రంగు, ఏ గీత (కాంతిని రంగులుగా విడదీసినప్పుడు ఒక్క తరంగదైర్ఘ్యం దగ్గర కనిపించే సన్నటి వెలుగు చార లేదా నల్ల చార) కనిపించినా దాని వెనక కథ మీరే రాబట్టొచ్చు.

కావలసినవి: ఒక కాలిక్యులేటర్, పనికిరాని డీవీడీ ఒకటి, ఫోన్ కెమెరా, దొరికితే పాత సీఎఫ్ఎల్ బల్బు. లెక్కలంటే టెన్షన్ అక్కర్లేదు, భాగహారం వస్తే చాలు.

దశ 1: రంగును శక్తిగా మార్చుకోండి

ఒకే ఒక్క సంఖ్య గుర్తుపెట్టుకోండి: 1240. తరంగదైర్ఘ్యాన్ని నానోమీటర్లలో తీసుకుని 1240ని దానితో భాగిస్తే ఒక్కో ఫోటాన్ (కాంతి ముక్క) శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వచ్చేస్తుంది, అది పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే చిన్న యూనిట్. 620 నానోమీటర్ల నారింజ ఎరుపు అంటే 2 ఎలక్ట్రాన్ వోల్టులు. 400 దగ్గరి ఊదా 3.1. మన కంటికి కనిపించేదంతా సుమారు 1.7 నుంచి 3.2 లోపల ఇరుక్కుని ఉంది.

దీనికి పక్కన పెట్టుకోవాల్సిన రెండో సంఖ్య 0.026. గది ఉష్ణోగ్రతలో ఒక్కో కణానికి వేడి ఇచ్చే శక్తి దాదాపు అంత, ఎలక్ట్రాన్ వోల్టుల్లోనే. కనిపించే కాంతి దీనికి కొన్ని పదుల రెట్లు. ఈ తేడా దశ 3లో అసలు సంగతి అవుతుంది.

ఫోటాన్ ఒక్కోటిగా లెక్క అన్నది 1905లో ఐన్‌స్టైన్ మాట. దాన్ని ఇంట్లోనే చూడొచ్చు: హైలైటర్ గీత మీద ఎర్ర లేజర్ పాయింటర్ ఎంతసేపు కొట్టినా అది తన ఆకుపచ్చ పసుపు వెలుగు ఇవ్వదు, అదే బలహీనమైన అల్ట్రావయొలెట్ టార్చ్ వేయగానే మెరుస్తుంది. ఎర్ర ఫోటాన్లు ఎన్ని కోట్లు వచ్చినా ఒక్కోదాని శక్తి చాలడం లేదు మరి. (లేజర్‌ను, అల్ట్రావయొలెట్ టార్చ్‌ను కళ్లలోకి మాత్రం వేసుకోకండి.)

దశ 2: అంతరం ఎంతో లెక్కేయండి, హైడ్రోజన్‌తో మొదలుపెట్టి

హైడ్రోజన్‌లో స్థాయిల శక్తి సూత్రం చాలా తేలిక: మైనస్ 13.6ని స్థాయి సంఖ్య వర్గంతో భాగించండి. మొదటి స్థాయి మైనస్ 13.6, రెండోది మైనస్ 3.4, మూడోది మైనస్ 1.51. మూడు నుంచి రెండుకు దిగితే తేడా 1.89. ఇప్పుడు 1240ని 1.89తో భాగిస్తే 656 నానోమీటర్లు, అదే హైడ్రోజన్ ఎర్ర గీత. నాలుగు నుంచి రెండుకు 2.55, అంటే 486. ఐదు నుంచి 434, ఆరు నుంచి 410. ఈ నాలుగూ కాగితం మీద ఒకసారి చేసి చూడండి, చదివి వదిలేస్తే రాదు.

ఈ నాలుగు సంఖ్యల్ని ఒక్క సూత్రంలోకి 1885లోనే బామర్ ఇమిడ్చాడు, అయితే అలా ఎందుకు వస్తున్నాయో ఆయనకూ తెలియదు. కారణం 1913లో బోర్ చెప్పాడు. ఆయన గీసిన గుండ్రటి కక్ష్యల బొమ్మ తర్వాత పోయింది గానీ స్థాయిల మధ్య తేడానే ఫోటాన్ శక్తి అన్న మాట అలాగే నిలబడింది.

మిగతా మూలకాలకు ఇంత సులువైన సూత్రం లేదు, ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి. అక్కడ పట్టిక చూసుకోవడమే. సోడియం పసుపు జంట 589.0, 589.6 దగ్గర, పాదరసం 435.8, 546.1 దగ్గర. ఏ రెండు మూలకాల గీతల వరసా ఒకేలా ఉండదు కాబట్టే 1860లో సీజియం, 1861లో రుబిడియం ముందు గీతలుగా దొరికాయి.

దశ 3: కింది స్థాయిలో ఎవరైనా ఉన్నారా?

చాలామంది దాటేసే ప్రశ్న ఇదే. ఒక గాజు సీసాలో చల్లని హైడ్రోజన్ పరమాణువులు నింపి 656 నానోమీటర్ల ఎర్ర కాంతి పంపితే ఏమవుతుంది? రెండు నుంచి మూడుకు వెళ్లే శక్తి సరిగ్గా సరిపోయింది కదా, మింగేయాలి. మింగదు, నేరుగా దాటిపోతుంది. ఎందుకంటే రెండో స్థాయిలో ఎవరూ లేరు, అందరూ మొదటి స్థాయిలోనే ఉన్నారు. అక్కడి నుంచి రెండుకు ఎక్కాలంటే 10.2 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, గది వేడి ఇచ్చేది 0.026. అలా ఎక్కగలిగేవాళ్లు ఆచరణలో సున్నా. మొదటి స్థాయిలో ఉన్న హైడ్రోజన్ మింగగలిగేది 121.6 నానోమీటర్లు, అంతకన్నా పొట్టి అల్ట్రావయొలెట్ మాత్రమే.

మరి సూర్యుడి వర్ణపటంలో (రంగులుగా విడదీసిన కాంతిలో) 656 దగ్గర నల్ల గీత స్పష్టంగా ఉంటుందే? సూర్యుడి ఉపరితలం దాదాపు 5800 కెల్విన్, అక్కడ వేడి ఇచ్చేది అర ఎలక్ట్రాన్ వోల్టు. ఏ ఉష్ణోగ్రతలో ఏ స్థాయిలో ఎంతమంది ఉంటారో చెప్పే బోల్ట్‌జ్‌మన్ సూత్రంలో వేసి చూస్తే రెండో స్థాయిలో ఉండేది వంద కోట్ల పరమాణువుల్లో ఐదారు. అంత తక్కువమంది ఉన్నా గీత కనిపిస్తోందంటే అక్కడ హైడ్రోజన్ ఎంత విపరీతంగా ఉండాలో ఊహించండి. నక్షత్రాలు ఎక్కువగా హైడ్రోజన్‌తోనే తయారయ్యాయన్నది సిసిలియా పేన్ 1925లో తన డాక్టరేట్ పరిశోధనలో రాబట్టింది ఇలాంటి లెక్కతోనే. గీత ఎంత నల్లగా ఉందో చూసి పదార్థం ఎంత ఉందో చెప్పేస్తే తప్పులో కాలేసినట్టే, ముందు ఉష్ణోగ్రత తెలియాలి.

ఉద్గారానికి, అంటే కాంతిని వదలడానికి, ఇదే ప్రశ్న తలకిందులుగా వేయాలి: పై స్థాయికి ఎవరు, ఎలా ఎక్కించారు? నియాన్ గొట్టంలో అయితే పరుగెత్తే ఎలక్ట్రాన్లు గుద్ది ఎక్కిస్తాయి. మంటలో ఉప్పు వేస్తే మంట వేడి ఎక్కిస్తుంది, సోడియానికి 2.1 ఎలక్ట్రాన్ వోల్టులే కావాలి కాబట్టి అది అంత తేలిగ్గా పసుపుగా వెలుగుతుంది. హైలైటర్‌లో కాంతే ఎక్కిస్తుంది.

దశ 4: ఆవేశం ఊగుతుందా?

నా మటుకు మొత్తం విషయంలో అందమైన భాగం ఇదే, కాస్త నిదానంగా చదవండి.

పరమాణువు వెడల్పు నానోమీటర్‌లో పదో వంతు. ఆకుపచ్చ కాంతి తరంగం 500 పైన. అంటే కాంతి పరమాణువును ఒక గోళీలా వచ్చి ఢీకొట్టడం లేదు, తనకన్నా వేల రెట్లు పెద్ద తరంగంలో పరమాణువు మునిగిపోయి ఉంది. ఆ తరంగంలోని విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్ మేఘాన్ని మొత్తంగా ఒకసారి అటు, ఒకసారి ఇటు లాగుతుంది. క్వాంటమ్ సిద్ధాంతం ప్రకారం ఎలక్ట్రాన్ రెండు స్థాయిల మిశ్రమంలో ఉన్నంతసేపూ దాని మేఘం ఆ రెండు స్థాయిల శక్తి తేడాకు తగిన పౌనఃపున్యంతో (సెకనుకు ఎన్నిసార్లు అన్న లెక్కతో) మారుతూ ఉంటుంది. కాంతి పౌనఃపున్యం దానితో కలిస్తే లాగుడు ప్రతిసారీ జతకూడుతుంది, కలవకపోతే ఒకసారి ఎక్కించింది ఇంకోసారి దించేస్తుంది. స్థాయిల మధ్య తేడా సరిగ్గా సరిపోవాలి అనే షరతు వచ్చింది ఇక్కడి నుంచే.

అయితే మేఘం మారడం వేరు, దాని కేంద్రం అటూ ఇటూ ఊగడం వేరు. హైడ్రోజన్‌లో రెండో స్థాయికి రెండు రకాల ఆకారాలున్నాయి. డంబెల్ ఆకారం మొదటి స్థాయి గోళంతో కలిస్తే ఆవేశం ఒక పక్కకు, మళ్లీ రెండో పక్కకు కదులుతుంది, కాంతి వస్తుంది, 1.6 నానో సెకన్లలో పని అయిపోతుంది. గోళం ఇంకో గోళంతో కలిస్తే మేఘం ఉబ్బుతుంది, తగ్గుతుంది, కేంద్రం మాత్రం కదలదు. అందుకే ఆ రెండో గోళాకార స్థితి ఒకే ఫోటాన్ వదిలి దిగలేదు, రెండు ఫోటాన్లు కలిపి వదలాల్సి వస్తుంది, దానికి పట్టే సగటు సమయం 0.12 సెకను. శక్తి తేడా దాదాపు ఒకటే, వ్యవధిలో మాత్రం కోట్ల రెట్ల తేడా! వరణ నియమాలు అని పరీక్షల కోసం బట్టీ పట్టించేది ఈ సంగతినే.

ఎలక్ట్రాన్ టక్కున దూకుతుందని కూడా అనుకోకండి. సోడియం పసుపు కాంతి సెకనుకు 509 లక్షల కోట్ల సార్లు ఊగుతుంది, ఉత్తేజిత స్థితి సగటు ఆయువు 16 నానో సెకన్లు. గుణించి చూస్తే 80 లక్షల ఊగులాటలు.

ఇప్పుడు ధ్రువకాంతులు. ఆక్సిజన్ పరమాణువు ఇచ్చే 557.7 ఆకుపచ్చ, 630 ఎరుపు రెండూ ఈ నియమాల ప్రకారం నిషిద్ధమైనవే, కాబట్టి చాలా నెమ్మది. ఆకుపచ్చకు ముప్పావు సెకను వరకు, ఎరుపుకు రెండు నిమిషాల వరకు పడుతుంది. రెండు నిమిషాల పాటు ఎవరూ గుద్దకుండా ఉండాలంటే గాలి బాగా పల్చబడాలి, అందుకే ఎరుపు దాదాపు 200 కిలోమీటర్ల పైనే కనిపిస్తుంది. కింద ఆ లోపే ఏదో ఒక అణువు తగిలి శక్తి లాగేసుకుంటుంది.

దశ 5: మింగిన శక్తి ఎటు పోయింది?

ఇక్కడ అందరికీ వచ్చే సందేహం ఒకటుంది, రావాలి కూడా. సూర్యుడి వాయువు 589 కాంతిని మింగి మళ్లీ 589నే వదులుతుంది కదా, మరి గీత నల్లగా ఎందుకు? మింగింది మీ వైపు వస్తున్న కాంతిని, వదిలేది అన్ని దిక్కులకూ. దానికి తోడు కొంత శక్తి వదిలేలోపే ఢీకొట్టుకోవడంలో వేడిగా మారిపోతుంది. పైగా పైపొరలు చల్లగా ఉంటాయి కాబట్టి అవి తిరిగి వదిలేదీ తక్కువే. అదే వాయువును నల్లటి నేపథ్యం ముందు పక్క నుంచి చూస్తే గీత వెలుగుగా కనిపిస్తుంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణం నాడు గుంటూరు నుంచి ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యుడి అంచున వెలుగు గీతలు చూసింది అందుకే. ఆ గ్రహణంలో నమోదైన పసుపు గీత సోడియానిదని మొదట అనుకున్నారు, కానీ అది 587.6 దగ్గర ఉంది. ఆ చిన్న తేడాయే హీలియం, భూమ్మీద అది రసాయన శాస్త్రవేత్త రామ్సేకి దొరికింది 1895లో.

ఇంకో దారి కూడా ఉంది. అప్పటికే పై స్థాయిలో ఉన్న పరమాణువు మీద సరైన పౌనఃపున్యం కాంతి పడితే అది కిందికి దిగి అచ్చం అలాంటిదే ఇంకో ఫోటాన్ ఇస్తుంది. 1917లో ఐన్‌స్టైన్ దీన్ని లెక్కలో చూపించాడు. పైన ఉన్నవాళ్లు కింద ఉన్నవాళ్ల కన్నా ఎక్కువైతే కాంతి తగ్గకుండా పెరుగుతుంది, 1960లో మైమన్ రూబీ లేజర్ వెలిగించింది ఇలాగే.

దశ 6: అణువులకు వచ్చేసరికి మూడు అంతస్తులు

అణువులో ఎలక్ట్రాన్ల స్థాయిలతో పాటు పరమాణువుల కంపనాలు, మొత్తం అణువు భ్రమణం కూడా ఉంటాయి. శక్తుల అంచనా ఇలా పెట్టుకోండి: ఎలక్ట్రాన్లకు కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు (కనిపించే కాంతి, అల్ట్రావయొలెట్), కంపనాలకు దాదాపు పదో వంతు (ఇన్‌ఫ్రారెడ్), భ్రమణానికి వెయ్యో వంతు, ఇంకా తక్కువ (మైక్రోవేవ్). ఒక్కో ఎలక్ట్రాన్ స్థాయి మీద బోలెడు కంపన స్థాయిలు, ఒక్కోదాని మీద మళ్లీ భ్రమణ స్థాయిలు పేరుకుని ఉంటాయి కాబట్టి ఒంటరి గీతల బదులు పట్టీలు వస్తాయి. ద్రవంలో అయితే పక్క అణువుల తాకిడికి అవి కూడా కలిసిపోయి ఒక వెడల్పాటి గుట్టలా కనిపిస్తాయి.

నాలుగో దశ ప్రశ్న ఇక్కడా పనిచేస్తుంది. నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల్లో రెండు పరమాణువులూ ఒకటే, బంధం ఎంత సాగినా ఆవేశ కేంద్రం కదలదు. అందుకే గాలిలో 99 శాతం ఇన్‌ఫ్రారెడ్‌ను పట్టించుకోదు. కార్బన్ డయాక్సైడ్ కూడా మామూలుగా సమతూకంగానే ఉంటుంది, కానీ వంగినప్పుడు ఆ సమతూకం చెడుతుంది, 15 మైక్రోమీటర్ల దగ్గర గట్టిగా మింగుతుంది. భూమి వదిలే వేడి కాంతి చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉండటం వల్ల కొంచెం వాయువే అంత ప్రభావం చూపిస్తుంది. రెండు ఆక్సిజన్లూ ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదిలే కంపనం మాత్రం ఇన్‌ఫ్రారెడ్‌లో కనబడదు. దాన్ని పట్టాలంటే 1928లో రామన్ చూపిన దారి వేరే ఉంది: అక్కడ ఆవేశ కేంద్రం కదలకపోయినా మేఘం సాగే గుణం మారితే చాలు.

ఒక హెచ్చరిక. మైక్రోవేవ్ ఓవెన్‌లో 2.45 గిగాహెర్ట్జ్ నీటి అణువు సొంత పౌనఃపున్యం అని చాలాచోట్ల రాస్తుంటారు, అది నిజం కాదు. నీటి ఆవిరి భ్రమణ గీతల్లో మొదటిది 22.2 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంది. ద్రవ నీటిలో అణువులు స్వేచ్ఛగా తిరగవు, మారే క్షేత్రం వెంట ఒరగబోయి వెనకబడతాయి, ఆ వెనకబాటే వేడి. అక్కడ స్థాయిల అంతరం కోసం వెతకొద్దు.

ఇప్పుడు ఒక ప్రయోగం. నాలుగు పచ్చటి ఆకులు నలిపి రబ్బింగ్ ఆల్కహాల్‌లో నానబెట్టి వడకట్టండి (దగ్గర్లో మంట ఉండకూడదు). చీకట్లో ఆ ఆకుపచ్చ ద్రవం మీద అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే రక్తంలా ఎర్రగా వెలుగుతుంది, మొదటిసారి చూసేవాళ్లు ఎవరైనా ఆశ్చర్యపోవాల్సిందే. జరిగింది ఇది: క్లోరోఫిల్ పెద్ద శక్తి ఉన్న ఫోటాన్ మింగి పైకెళ్లింది, అక్కడి నుంచి ఒక సెకనులో లక్ష కోట్ల వంతు ప్రాంతంలోనే అదనపు శక్తిని కంపనాలుగా వదిలి ఉత్తేజిత స్థితుల్లో అట్టడుగుకు చేరింది, అక్కడ కొన్ని నానో సెకన్లు ఆగి ఎరుపు కాంతి ఇచ్చి దిగింది. నీలంతో ఎక్కించినా ఊదాతో ఎక్కించినా బయటికి వచ్చే రంగు అదే. ప్రాణం ఉన్న ఆకులో ఆ శక్తిలో చాలావరకు కిరణజన్య సంయోగక్రియకు, వేడికి పోతుంది కాబట్టి మెరుపు బాగా తక్కువ. వచ్చే కాంతి ఎప్పుడూ వేసిన కాంతి కన్నా ఎరుపు వైపు జరుగుతుందని స్టోక్స్ 1852లోనే గమనించాడు.

కాంతి ఆపేసినా వెలిగే పదార్థాలు ఇంకో రకం. కొన్ని అణువుల్లో ఎలక్ట్రాన్ స్పిన్ (ఎలక్ట్రాన్‌కు సహజంగా ఉండే, తిరుగుడు లాంటి గుణం) తిరగబడి, దిగడం నిషిద్ధమైన స్థితిలో ఇరుక్కుంటుంది, అందుకే ఆలస్యం. చీకట్లో గంటల తరబడి మెరిసే స్టిక్కర్లకు కూడా ఇదే కారణమని కొందరు చెబుతారు గానీ, వాటిలో సంగతి వేరు: స్ఫటికంలోని లోపాల్లో ఎలక్ట్రాన్లు చిక్కుకుని, వేడి మెల్లగా విడిపిస్తే బయటికొస్తాయి.

దశ 7: ఇక మీ కళ్లతో చూడండి

డీవీడీని పొరలుగా విడదీసి పారదర్శకంగా ఉన్న చిన్న ముక్క కత్తిరించండి, చేతులు జాగ్రత్త. అందులో గాళ్ల మధ్య దూరం 0.74 మైక్రోమీటర్లు, ఆ గాళ్లే కాంతిని రంగులుగా విడదీస్తాయి. లోపల నల్లరంగు పూసిన అట్టపెట్టెకు ఒక చివర రెండు బ్లేడ్ల అంచులతో వెంట్రుకంత సన్నటి చీలిక పెట్టండి, 15 నుంచి 20 సెంటీమీటర్ల అవతల డీవీడీ ముక్క అంటించండి, గాళ్లు చీలికకు సమాంతరంగా ఉండాలి. ఆకుపచ్చ దాదాపు 48 డిగ్రీల వాలులో వస్తుంది కాబట్టి కెమెరా అంత పక్కకు తిప్పి పెట్టాలి. నేరుగా సూర్యుణ్ని మాత్రం ఎప్పుడూ చూడకండి, పగటి ఆకాశం చాలు.

ముందు సీఎఫ్ఎల్‌తో కొలత సరిచేసుకోండి (పగలగొట్టొద్దు, లోపల పాదరసం ఉంది). ఫొటోలో నీలం గీత 400వ పిక్సెల్ దగ్గర, ఆకుపచ్చ 840 దగ్గర ఉందనుకుంటే 435.8 నుంచి 546.1 వరకు 440 పిక్సెళ్లు, అంటే పిక్సెల్‌కు పావు నానోమీటర్. ఆకుపచ్చ దగ్గర ఒక చిక్కుంది: బల్బు లోపలి పూతలో ఉన్న టెర్బియం ఇచ్చే గుట్ట 542 చుట్టూ ఉంటుంది, దాని పక్కనే సన్నగా ఉన్నదే పాదరసం. అదే పూతలోని యూరోపియం ఎరుపు 611 దగ్గర ఎంత తేడా వచ్చిందో చూస్తే మీ కొలత ఎంత నమ్మదగిందో తెలుస్తుంది. ఘనపదార్థంలో ఉండి కూడా యూరోపియం అంత సన్నటి గీత ఇవ్వడానికి కారణం, దాని పనిచేసే ఎలక్ట్రాన్లు లోపలి పొరల్లో దాక్కుని ఉండటం.

తర్వాత తెల్ల ఎల్ఈడీ: 450 దగ్గర నీలం గుట్ట, దాన్ని మింగి పూత ఇచ్చే వెడల్పాటి పసుపు. కొవ్వొత్తిలో పసుపంతా మసి కణాల వేడి వెలుగు, గీతలుండవు. అడుగున నీలం భాగంలో 431, 516 దగ్గర పట్టీలు వెతకండి, అవి మంటలో కాసేపే బతికే కార్బన్ ముక్కల అణువులు.

చివరగా ఆకాశం. చీలిక బాగా సన్నగా ఉంటే 486, 517, 589, 656, 687 దగ్గర నల్ల గీతలు దొరుకుతాయి. వీటిలో ఒకటి సూర్యుడిది కాదు. 687 మన గాలిలోని ఆక్సిజన్ అణువుది, అది కూడా స్పిన్ నియమం ప్రకారం జరగకూడని మార్పే, కానీ దారిలో కిలోమీటర్ల కొద్దీ గాలి ఉంది కాబట్టి ఒక్కో అణువు బహు అరుదుగా మింగినా గీత పడుతుంది. ఏది ఎవరిదో నా మాట మీద నమ్మక్కర్లేదు. మధ్యాహ్నం ఒక ఫొటో, సూర్యుడు దిగిపోయే ముందు సూర్యుడి పక్క ఆకాశానిది ఇంకో ఫొటో తీసి పక్కపక్కన పెట్టండి. సాయంత్రం కాంతి దాటే గాలి చాలా రెట్లు ఎక్కువ, కాబట్టి 687 ముదురుతుంది, 656 మాత్రం మధ్యాహ్నం ఎంత ఉందో దాదాపు అంతే ఉంటుంది.